రెండు ప్రాణాల కాపలా: కష్టకాన్పుల దగ్గర మిడ్‌వైఫ్‌ల మనోభారం

కాన్పు సేవలో తల్లికి అందరికంటే దగ్గరగా ఉండే మనిషి మిడ్‌వైఫ్. గర్భం నిలిచిన తొలి నెలల నుంచి కాన్పు అయ్యాక ఆరు వారాల దాకా తల్లినీ బిడ్డనూ కనిపెట్టుకుని ఉండటం ఆమె పని. అంతా సవ్యంగా సాగితే ఆ పని సంతోషంతో ముగుస్తుంది. కానీ కొన్ని గర్భాలు మధ్యలో అడ్డం తిరుగుతాయి. బీపీ పెరుగుతుంది, ఒంట్లో రక్తం తగ్గుతుంది, బిడ్డ ఎదుగుదల మందగిస్తుంది, మాయ గర్భాశయ ముఖద్వారానికి అడ్డుపడుతుంది. అలాంటి తల్లుల పక్కన గంటల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి నిలబడే మిడ్‌వైఫ్ మనసు మీద పడే బరువు బయటివాళ్లకు తెలియదు. కేస్‌షీట్‌లో తల్లి బీపీ ఉంటుంది, బిడ్డ గుండె వేగం ఉంటుంది. వాటిని రాసిన చెయ్యి వణికిందో లేదో ఉండదు.

గడిచిన రెండు దశాబ్దాల్లో బ్రిటన్, స్వీడన్, డెన్మార్క్, ఆస్ట్రేలియాల్లో ఈ విషయం మీద గట్టి పరిశోధనే జరిగింది. ఆ అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. ఈ భారం మిడ్‌వైఫ్ గుండె దిటవు లేకపోవడం వల్ల వచ్చేది కాదు. కష్టంలో ఉన్న తల్లులే దానికి ప్రధాన కారణమూ కాదు. ప్రాణాలతో ముడిపడిన పనిని తీరిక లేకుండా, తోడు లేకుండా, నోరు విప్పే వీలు లేకుండా చేయించుకునే పద్ధతి దానికి అసలు మూలం.

కష్టమైన గర్భం అంటే

తల్లికో, బిడ్డకో, ఇద్దరికో మామూలు కంటే ఎక్కువ ప్రమాదం పొంచి ఉన్న గర్భాన్ని వైద్యులు హైరిస్క్ గర్భం అంటారు. తీవ్ర రక్తహీనత, అధిక రక్తపోటు, గర్భంతో వచ్చే మధుమేహం, కవలలు, గతంలో సిజేరియన్, గుండెజబ్బు, మరీ చిన్న వయసు, ముందు కాన్పులో బిడ్డ పోవడం ఈ కోవలోకి వస్తాయి. మన దేశంలో ఇవి అరుదైనవి కావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ పరీక్షలు ఇలాంటి తల్లులను ముందే గుర్తించడానికి పెట్టినవే.

ఇలాంటి కేసుల్లో నిర్ణయాలు ప్రసూతి వైద్యులవి. కానీ ఆ నిర్ణయాలు అమలయ్యేది, తల్లి శరీరంలో మార్పు మొదట కంటపడేది మిడ్‌వైఫ్ లేదా లేబర్ రూమ్ నర్సు దగ్గర. రక్తపోటు ముదిరి ఫిట్స్ దాకా వెళ్లే స్థితిని చూస్తే ఈ పని ఎంత సూక్ష్మమైనదో తెలుస్తుంది. దీన్నే ఊళ్లలో గుర్రపువాతం అంటారు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఇస్తారు. ప్రాణం నిలిపే ఆ మందే మోతాదు మించితే ఊపిరి ఆపేస్తుంది. అందుకని ప్రతి డోసుకు ముందు మూడు సంగతులు చూసుకోవాలి. మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగురుతోందా? నిమిషానికి ఊపిరి 16కు తగ్గకుండా ఉందా? గంటకు కనీసం 30 మిల్లీలీటర్ల మూత్రం వస్తోందా? ఈ మూడింటిలో ఏది తప్పినా డోసు ఆపాలి, వైద్యురాలిని పిలవాలి. విరుగుడు మందు కాల్షియం గ్లూకోనేట్ చేతికందే చోట ఉండాలి.

ఈ లెక్కలన్నీ చూస్తున్నంతసేపూ మంచం మీది తల్లి అడుగుతూనే ఉంటుంది: "బిడ్డకేం కాదు గదా సిస్టర్?" దానికి అబద్ధం చెప్పకూడదు, భయపెట్టకూడదు, మాట దాటవేయకూడదు. ఒకవైపు చేతులు లెక్క తప్పకుండా పని చేయాలి, మరోవైపు నోరు ధైర్యం చెప్పాలి. మనోభారం మొదలయ్యేది ఇక్కడే.

ముఖాన ధైర్యం, లోపల గుబులు

ఉద్యోగంలో భాగంగా సొంత భావాలను అదుపులో పెట్టుకుని, అవతలివారికి కావలసిన భావాన్ని ముఖంలో చూపించడాన్ని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో ఒక రకమైన శ్రమగా గుర్తించారు. 'ది మేనేజ్డ్ హార్ట్' అనే పుస్తకంలో ఆమె విమానాల్లో పనిచేసే మహిళలను పరిశీలించి, నవ్వు ముఖం పెట్టడం కూడా ఒళ్లు వంచి చేసే పనిలాగే మనిషిని అలసిపోయేలా చేస్తుందని చూపించారు. ఈ భావశ్రమ మిడ్‌వైఫ్‌ల విషయంలో ఎన్నో రెట్లు బరువైనది.

డాప్లర్ పరికరంతో బిడ్డ గుండె చప్పుడు వినే సందర్భాన్నే చూడవచ్చు. కడుపు మీద జెల్ రాసి పరికరం పెడతారు. నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకునే గుండె గుర్రపు డెక్కల్లా వినిపించాలి. కొన్నిసార్లు వెంటనే దొరకదు. పరికరాన్ని కాస్త పక్కకు జరుపుతారు, మళ్లీ జరుపుతారు. తల్లి చూపు పరికరం మీద ఉండదు, మిడ్‌వైఫ్ ముఖం మీద ఉంటుంది. ఆ ముఖంలో ఒక్క గీత మారినా ఆమెకు అర్థమైపోతుంది. వినిపించిన చప్పుడు తల్లి నాడిదే అని మిడ్‌వైఫ్‌కు అనుమానం వచ్చినా, స్కాన్ చేసి వైద్యులు నిర్ధారించేదాకా ఆ మాట అనలేదు. తనకు అనుమానం తగిలిన క్షణానికీ తల్లికి తెలిసే క్షణానికీ మధ్య ఉన్న ఆ కొద్ది నిమిషాలు ఆమె ఒక్కతే మొయ్యాలి.

హైరిస్క్ గర్భాల్లో ఈ ఉగ్గబట్టుకోవడం ఒక రోజుతో తీరదు. ముందు రెండుసార్లు బిడ్డను పోగొట్టుకున్న తల్లి మూడోసారి వచ్చినప్పుడు, పోయినసారి గండం వచ్చిన వారం దాటేదాకా ప్రతి పరీక్షా పరీక్షే. రోజూ చూస్తున్న కొద్దీ ఆ తల్లి కేవలం ఒక కేసుగా మిగలదు. ఆమె భర్త పేరు, అత్తగారి తీరు, బిడ్డకు అనుకున్న పేరు అన్నీ తెలుస్తాయి. చనువు పెరిగేకొద్దీ సంరక్షణ మెరుగవుతుంది. చనువు పెరిగేకొద్దీ జరగరానిది జరిగితే తగిలే దెబ్బ కూడా పెరుగుతుంది. మంచి మిడ్‌వైఫ్‌కు ఈ రెండింటిలో ఒకదాన్ని వదులుకునే వీలుండదు.

రెండు చూపుల నడుమ

మిడ్‌వైఫ్ చదువుకు పునాది ఒక నమ్మకం: కాన్పు జబ్బు కాదు, స్త్రీ శరీరానికి సహజమైన పని. తోడుండి, ఓపిక పట్టి, అనవసరంగా చెయ్యి పెట్టకుండా ఉండటమే ఆమె నేర్చుకున్న విద్య. కష్టమైన గర్భంలో ఆ విద్యకు పక్కన మరో చూపు వచ్చి చేరుతుంది. యంత్రాలు, సెలైన్లు, నొప్పులు తెప్పించే మందులు, ఆపరేషన్ థియేటర్ అవసరమవుతాయి. హైరిస్క్ తల్లులకు సేవ చేసే మిడ్‌వైఫ్‌ల పనిని స్వీడన్ పరిశోధకురాలు మేరీ బెర్గ్ 2000ల తొలి సంవత్సరాల నుంచి అధ్యయనం చేశారు. సహజమైనదాన్ని కాపాడాలన్న తపననూ, వైద్యపరంగా తప్పనిసరైనదాన్నీ నిమిషనిమిషానికీ తూచుకుంటూ పోవడమే ఈ పనికి కేంద్రమని ఆమె తేల్చారు. యంత్రాల నడుమ కూడా ఆ స్త్రీకి తాను రోగిగా కాక తల్లి కాబోతున్న మనిషిగా అనిపించేలా చూడాలి.

బ్రిటన్‌లో బిల్లీ హంటర్ చేసిన అధ్యయనం ఇంకో కోణం బయటపెట్టింది. 2004లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం మిడ్‌వైఫ్‌ల మనోభారానికి ప్రధాన మూలం తల్లుల బాధలు కాదు. 'తల్లి పక్షాన నిలబడాలి' అన్న తమ ఆదర్శానికీ, 'వార్డు పని గడవాలి' అన్న ఆసుపత్రి అవసరానికీ మధ్య నలిగిపోవడమే. ఒక తల్లి దగ్గర కూర్చోవాల్సిన సమయంలో మరో ముగ్గురి చార్టులు నింపాల్సి రావడం, తల్లి వద్దన్న పనిని వార్డు నియమం కోసం చేయాల్సి రావడం ఆమె మనసును తల్లి కన్నీళ్ల కంటే ఎక్కువగా తినేస్తాయి.

అప్పగింత ఇంకో మెలిక. మామూలు కాన్పుగా మొదలైనది ప్రమాదంలో పడితే కేసు వైద్యుల చేతికి వెళ్తుంది. అది సరైన పద్ధతే, ప్రాణాలు నిలిపే పద్ధతే. అయినా అప్పటిదాకా చెయ్యి పట్టుకుని ఉన్న మిడ్‌వైఫ్ ఒక్కసారిగా గోడ వారకు జరిగి నిలబడాల్సి వస్తుంది. తల్లి కళ్లు ఆమెనే వెతుకుతుంటాయి. ఇంకాస్త ముందే కబురు పెట్టి ఉండాల్సిందా అన్న ప్రశ్న అప్పుడే పుడుతుంది. బిడ్డ క్షేమంగా బయటపడినా ఆ ప్రశ్న వెంటనే పోదు.

బిడ్డ దక్కనప్పుడు

28 వారాలు దాటాక కడుపులోనే బిడ్డ చనిపోతే మన దేశ లెక్కల్లో దాన్ని మృతశిశు జననం అంటారు. బిడ్డ ప్రాణంతో లేదని తెలిశాక కూడా తల్లి కనాల్సిందే. నొప్పులు అవే, గంటలు అవే. చివర్లో ఏడుపు మాత్రం వినిపించదు. ఆ కాన్పు చేసేది, బిడ్డను తుడిచి గుడ్డలో చుట్టేది మిడ్‌వైఫే. బ్రిటన్ ఆసుపత్రుల్లో ఇందుకోసం ప్రత్యేకంగా శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు ఉంటారు. తల్లిదండ్రులు కోరితే బిడ్డను ఎత్తుకోనిస్తారు, అరికాలి ముద్రలు తీసి ఇస్తారు, ఫొటో దాచిపెడతారు. మన దగ్గర చాలా ఇళ్లలో తల్లి తట్టుకోలేదన్న భయంతో ఆమెకు చూపించకుండానే బిడ్డను తీసుకెళ్లిపోతారు. చూస్తానని తల్లి అడిగినప్పుడు, వద్దని ఇంటి పెద్దలు అన్నప్పుడు మధ్యలో నిలబడి మాట్లాడాల్సింది కూడా నర్సే.

అక్కడితో అయిపోదు. రెండు మూడు రోజులకు తల్లికి పాలు పడతాయి. తాగే బిడ్డ లేదని శరీరానికి తెలియదు. రొమ్ములు గడ్డకట్టి, జాకెట్ తడిసి, ఆమె ఏడుస్తూ కూర్చున్నప్పుడు ఏం చెయ్యాలో చెప్పాల్సింది, మందు ఇవ్వాల్సింది, పక్కన కూర్చోవాల్సింది ఈమే. పది అడుగుల దూరంలో ఇంకో మంచం దగ్గర పండంటి బిడ్డ పుట్టిందని బంధువులు మిఠాయి పంచుతుంటారు. ఆ మంచం దగ్గరికి వెళ్లేటప్పుడు ముఖాన నవ్వు ఉండాలి. ఒకే డ్యూటీలో చావునూ పుట్టుకనూ పక్కపక్కన మొయ్యాల్సిన ఉద్యోగాలు లోకంలో ఎన్నో లేవు.

చూసినవాళ్లకూ తగిలే గాయం

అంతా బాగున్న కాన్పు కూడా క్షణాల్లో చెయ్యి దాటిపోవచ్చు. కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే రెండు గంటల్లోపే తల్లి ప్రాణం పోయే ప్రమాదం ఉంది. బిడ్డ తల బయటికొచ్చి భుజాలు ఇరుక్కుపోతే చేతిలో ఉండేవి కొద్ది నిమిషాలే. ఇలాంటి ఘటనలు తల్లికి, కుటుంబానికి మిగిల్చే గాయం గురించి అందరికీ తెలుసు. అక్కడ నిలబడి పని చేసినవారికీ గాయమవుతుందని ఆలస్యంగా గుర్తించారు. అమెరికన్ వైద్యుడు ఆల్బర్ట్ వూ 2000లో ఇలాంటి వైద్య సిబ్బందిని 'రెండో బాధితులు' అన్నారు.

2015లో బ్రిటన్‌లో వెలువడిన ఒక అధ్యయనం, తీవ్రమైన కాన్పు ఘటనను ఎదుర్కొన్న 421 మంది మిడ్‌వైఫ్‌లను ప్రశ్నించింది. వారిలో 33 శాతం మందిలో పీటీఎస్‌డీ (తీవ్ర ఘటన తర్వాత వెంటాడే మానసిక రుగ్మత) స్థాయి లక్షణాలు కనిపించాయి. ఆ దృశ్యం అదే పనిగా కళ్ల ముందుకు రావడం, పీడకలలు, ఆ గదిలోకి అడుగుపెట్టాలంటే గుండె దడ, చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం వీటిలో ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 687 మందితో జరిగిన సర్వేలో 17 శాతం మందికి పీటీఎస్‌డీ ఉండవచ్చని తేలింది. సర్వేలో పాల్గొన్నవారిలో మూడింట రెండు వంతుల మంది చూసిన బాధాకర ఘటనల్లో వైద్యపరమైన చిక్కు ఒక్కటే లేదు. తల్లితో సిబ్బంది కఠినంగా, అగౌరవంగా ప్రవర్తించడమూ ఉంది. అంటే, తోటివాళ్లు తల్లిని కసురుకోవడాన్ని అడ్డుకోలేక చూస్తూ నిలబడటం కూడా మిడ్‌వైఫ్ మనసును గాయపరుస్తోంది.

డెన్మార్క్‌లో ప్రసూతి వైద్యులు, మిడ్‌వైఫ్‌లు కలిసి 1,237 మంది పాల్గొన్న అధ్యయనంలో 85 శాతం మంది ఇలా మనసును గాయపరిచే కాన్పును కనీసం ఒక్కసారైనా ఎదుర్కొన్నామన్నారు. వాళ్లను ఎక్కువగా వెంటాడింది పైవాళ్ల నింద, విచారణ కాదు. తమ తప్పేమీ లేదని తేలాక కూడా వదలని అపరాధ భావన. అదే సర్వేలో 65 శాతం మంది ఆ అనుభవం తర్వాత తాము మెరుగైన వైద్యులం, మిడ్‌వైఫ్‌లం అయ్యామని చెప్పారు. ఆసరా దొరికితే గాయం అనుభవంగా మారుతుందని ఈ మాట చెబుతోంది.

అలసిన మనసు లెక్కలు

ఒక్క ఘటన వల్ల కలిగే గాయం వేరు, రోజూ కొంచెం కొంచెంగా అరిగిపోవడం వేరు. రెండోదాన్ని బర్నౌట్ అంటారు. నిద్రపోయి లేచినా తీరని అలసట, ఎదుటి మనిషి మీద విరక్తి, తన పనికి విలువ లేదన్న భావన దీని మూడు గుర్తులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను జబ్బుగా కాకుండా, సరిగా సంభాళించని పని ఒత్తిడి వల్ల వచ్చే వృత్తిపరమైన స్థితిగా నమోదు చేసింది. మనిషిలో లోపం వెతకడం మానేసి పని తీరును చూడమని దాని భావం.

బ్రిటన్‌లో కార్డిఫ్ విశ్వవిద్యాలయం, రాయల్ కాలేజ్ ఆఫ్ మిడ్‌వైవ్స్ కలిసి దాదాపు 2,000 మంది మిడ్‌వైఫ్‌లతో జరిపిన సర్వే ఫలితాలు 2018లో వచ్చాయి. డెన్మార్క్‌లో తయారైన కోపెన్‌హేగన్ కొలమానాన్ని అందులో వాడారు. ఆ కొలమానం అలసటను మూడు పాళ్లుగా విడదీస్తుంది: మనిషిగా ఎంత అలసిపోయారు, పని వల్ల ఎంత, సేవ పొందేవాళ్ల వల్ల ఎంత? వ్యక్తిగత అలసట 83 శాతం మందిలో, పని వల్ల అలసట 67 శాతం మందిలో ఓ మోస్తరు నుంచి తీవ్ర స్థాయి దాకా ఉంది. తల్లుల వల్ల అలసిపోయామన్నవారు కేవలం 15.5 శాతం. గడిచిన ఆరు నెలల్లో ఉద్యోగం మానేయాలన్న ఆలోచన వచ్చిందని మూడింట రెండు వంతుల మంది చెప్పారు. సిబ్బంది చాలకపోవడం, తల్లికి తాము ఇవ్వాలనుకున్న సేవ ఇవ్వలేకపోవడం అందుకు ప్రధాన కారణాలు.

ఈ అంకెలు ఈ విషయం మీద అతి ముఖ్యమైన సంగతి చెబుతాయి. కష్టంలో ఉన్న తల్లి మిడ్‌వైఫ్‌ను అరగదీయడం లేదు. ఆ తల్లికి సరిగా సేవ చేయనివ్వని పరిస్థితులే అరగదీస్తున్నాయి.

దాని ఫలితం చివరికి తల్లి దాకా వస్తుంది. మనసు విరిగిపోకుండా కాపాడుకోవడానికి మిడ్‌వైఫ్ తల్లికి దూరంగా జరగడం మొదలుపెడుతుంది. మాట తగ్గుతుంది, గొంతులో కరుకుతనం తేలుతుంది. నొప్పులు పడుతున్న స్త్రీని కసురుకునే నర్సు గురించి ప్రతి ఊళ్లోనూ కథలున్నాయి. ఆ కసురుకోవడానికి సమర్థన లేదు కానీ కారణం ఉంది. చాలాసార్లు అది ఒకప్పుడు ఎక్కువగా బాధపడి, ఇక బాధపడే ఓపిక లేక మొద్దుబారిన మనసు. మరికొందరు ఏకంగా ఉద్యోగమే వదిలేస్తారు. ప్రపంచానికి ఇంకా 9 లక్షల మంది మిడ్‌వైఫ్‌లు కావాలని 2021లో వెలువడిన ప్రపంచ మిడ్‌వైఫరీ స్థితి నివేదిక లెక్కగట్టింది. ఉన్నవాళ్లను నిలుపుకోలేకపోతే కొత్తవాళ్లకు ఎంత శిక్షణ ఇచ్చినా ఆ లోటు పూడదు.

తెలుగు నేల మీద

మన దగ్గర మిడ్‌వైఫరీ ప్రత్యేక వృత్తిగా ఇప్పుడిప్పుడే వేళ్లూనుకుంటోంది. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో శిక్షణ మొదలుపెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆ సంస్థతోనూ యునిసెఫ్‌తోనూ కలిసి ప్రభుత్వ నర్సులకు 18 నెలల కోర్సు ప్రారంభించింది. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం మిడ్‌వైఫ్‌లు నడిపే విభాగాల్లో మామూలు కాన్పులు జరగాలి, చిక్కులు తలెత్తినవి వైద్యులకు వెళ్లాలి. మిడ్‌వైఫ్‌లు లేనిచోట ఈ పనంతా స్టాఫ్ నర్సులు, ఊళ్లలో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలైన ఏఎన్‌ఎంలు చేస్తున్నారు. అందుకే మనోభారం గురించి చెప్పే ప్రతి మాటా వాళ్లకూ వర్తిస్తుంది.

తల్లుల ప్రాణాలు కాపాడటంలో రెండు తెలుగు రాష్ట్రాలూ దేశ సగటు కంటే ఎంతో ముందున్నాయి. 2018-20 లెక్కల ప్రకారం లక్ష జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 కాగా, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. మొత్తం కాన్పుల్లో 96 శాతానికి పైగా ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఈ విజయం వెనుక లేబర్ రూమ్ నర్సుల చాకిరీ ఉంది. అదే సమయంలో వాళ్ల మీద మరో ఒత్తిడీ ఉంది. 2019-21 సర్వే నాటికి తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ముహూర్తం పెట్టించుకుని కాన్పు కోరే కుటుంబాలున్న చోట, సహజ కాన్పుకు ఓపిక పట్టమని చెప్పే మిడ్‌వైఫ్ ప్రతి నిమిషం జవాబు చెప్పుకోవాలి. ఏదైనా తేడా వస్తే "ముందే ఆపరేషన్ చేసి ఉంటే" అన్న మాట ఆమె మీదికే వస్తుంది.

మన ఆచారాల వల్ల వచ్చే చిక్కు ఇంకొకటి. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్లడం ఆనవాయితీ. ఆరేడు నెలలు అత్తవారి ఊళ్లో చూసిన ఏఎన్‌ఎంకు ఆ తల్లి భయాలూ బీపీ తీరూ తెలుసు. కాన్పు చేసే నర్సుకు ఆమె కొత్త మనిషి. చేతిలో ఉన్న కార్డు తప్ప వేరే ఆధారం లేకుండా అర్ధరాత్రి వచ్చిన హైరిస్క్ తల్లి బాధ్యత నెత్తిన వేసుకోవడం పెద్ద పరీక్ష. ఏజెన్సీ గూడేల్లో పరీక్ష ఇంకా కఠినం. వాగు పొంగిన రోజున డోలీలో మోసుకొచ్చిన తల్లిని 108 అంబులెన్స్ ఎక్కించి పెద్దాసుపత్రికి పంపిన ఏఎన్‌ఎంకు ఆ తర్వాత ఏమైందో చాలాసార్లు ఎవరూ చెప్పరు. బతికిందో లేదో తెలియని ఎదురుచూపు కూడా మనసును తొలిచేదే.

వీటన్నిటి మీదా నింద భయం ఉంది. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో కాన్పు తర్వాత రక్తస్రావంతో ఒక తల్లి చనిపోయింది. బంధువుల ఆందోళన నడుమ పోలీసులు వైద్యురాలి మీద హత్య కేసు నమోదు చేశారు. మర్నాడే ఆమె ఆత్మహత్య చేసుకున్నారు. తల్లిని పోగొట్టుకున్న కుటుంబానికి జవాబు దొరకాలి, నిర్లక్ష్యం ఉంటే శిక్ష పడాలి. కానీ శాయశక్తులా ప్రయత్నించిన మనిషిని హంతకురాలిగా నిలబెడితే, తర్వాతి కష్టకాన్పును చేపట్టడానికి ఎవరూ ముందుకు రారు. తల్లుల మరణాలను సమీక్షించే మన జాతీయ విధానం కూడా వ్యక్తులను నిందించడం కాక కారణాలు వెతకడమే లక్ష్యమని చెబుతోంది. ఆ మాట కాగితం దాటి సమీక్ష సమావేశంలో కూడా వినపడాలి.

బరువు దింపే దారులు

కష్టమైన కాన్పు ముగిశాక ఆ బృందం పది నిమిషాలు కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకోవడం మొదటి మెట్టు. ఇది విచారణలా ఉండకూడదు, బలవంతంగానూ ఉండకూడదు. ఇష్టం లేనివారిచేత ఆ ఘటనను ఒకే విడతలో తవ్వి చెప్పించడం మేలు చేయదని మానసిక వైద్య పరిశోధనలు తేల్చాయి. మాట్లాడాలనుకున్నప్పుడు వినే మనిషి ఉండటమే ముఖ్యం. బ్రిటన్‌లో పరిశోధకులు రూపొందించిన 'పాపీ' కార్యక్రమం ఇదే సూత్రం మీద నడుస్తుంది. ఇలాంటి ఘటనల తర్వాత ఏ లక్షణాలు రావచ్చో మిడ్‌వైఫ్‌లకు ముందే చెబుతుంది, శిక్షణ పొందిన తోటి మిడ్‌వైఫ్‌ను తోడిస్తుంది, అవసరమైతే మానసిక నిపుణుల దగ్గరికి పంపుతుంది.

రెండోది, క్రమం తప్పని ఆసరా. ఇంగ్లాండ్‌లో 1902 చట్టంతో మొదలైన మిడ్‌వైఫ్‌ల పర్యవేక్షణ విధానం 2017 మార్చితో ముగిసింది. దాని స్థానంలో, అనుభవజ్ఞురాలైన ఒక మిడ్‌వైఫ్ తోటివారి కష్టసుఖాలు విని ఆలోచనకు సాయపడే పద్ధతి వచ్చింది. తనిఖీ బదులు తోడు అన్నమాట. అమెరికాలో బోస్టన్‌లో పుట్టి బ్రిటన్ ఆసుపత్రులకు పాకిన ష్వార్ట్జ్ రౌండ్స్‌లో వైద్యులు, నర్సులు, ఇతర సిబ్బంది హోదాలు పక్కనపెట్టి ఒక గంట కూర్చుని, పనిలో తమను కదిలించిన సందర్భాల గురించి మాట్లాడుకుంటారు. వీటికి పెద్ద ఖర్చు లేదు. జిల్లా ఆసుపత్రిలో ఒక గది, నెలకు ఒక గంట చాలు.

మూడోది, పని ఏర్పాటు. లేబర్ రూమ్‌లో సిబ్బంది లెక్క సరిగా ఉండాలి. బిడ్డ చనిపోయిన కాన్పు చేసిన నర్సును వెంటనే మరో మంచం దగ్గరికి తోలకుండా కాసేపు ఊపిరి పీల్చుకోనివ్వాలి. ఒకే మిడ్‌వైఫ్ ఒకే తల్లిని మొదటి నుంచి చివరిదాకా చూసే పద్ధతిలో భారం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అధ్యయనాల్లో దానికి విరుద్ధంగా తేలింది. అలా పని చేసేవారిలోనే బర్నౌట్ తక్కువ. తల్లి తెలిసిన మనిషి కావడం, తన పని తన చేతిలో ఉండటం మిడ్‌వైఫ్‌కు బలాన్నిస్తున్నాయి.

నాలుగోది, సాధన. రక్తస్రావం, ఫిట్స్, భుజాలు ఇరుక్కోవడం లాంటి అత్యవసరాలను బొమ్మల మీద బృందంగా పదేపదే సాధన చేస్తే అసలు ఘడియలో చేతులు తడబడవు. చేయగలిగిందంతా చేశామన్న నమ్మకమే తర్వాత వెంటాడే అపరాధ భావనకు మంచి మందు. ప్రసవ గదిలోకి ఒక తోడు మనిషిని అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది. అది తల్లికి ఎంత ధైర్యమో నర్సుకూ అంత ఊరట. జరిగింది కళ్లారా చూసిన ఆమె అమ్మో అక్కో బయట బంధువులకు నిజం చెప్పగలరు. పై ఆసుపత్రికి పంపిన ప్రతి కేసులో తల్లి, బిడ్డ ఎలా ఉన్నారో పంపిన ఏఎన్‌ఎంకు ఒక్క ఫోన్ కాల్‌లో చెప్పే ఏర్పాటు కూడా వెంటనే చేయదగిందే.

సొంతంగా చేసుకోగలిగినవీ కొన్ని ఉన్నాయి. నెల దాటినా నిద్ర పట్టకపోతే, ఆ దృశ్యమే కళ్ల ముందు తిరుగుతుంటే, డ్యూటీ పేరు చెబితేనే గుండె జారుతుంటే అది సాయం తీసుకోవాల్సిన సమయం. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనూ దొరుకుతుంది. సాయం అడిగిన నర్సును బలహీనురాలిగా చూడని సంస్కృతిని తేవడం మాత్రం ఆసుపత్రి పెద్దల బాధ్యత.

కుటుంబాల వంతూ ఉంది. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్లేటప్పుడు వైద్యులకు దండం పెట్టినట్టే రాత్రంతా మంచం పక్కన నిలబడిన నర్సుకూ ఒక మంచి మాట చెప్పాలి. జరగరానిది జరిగితే ప్రశ్నించే హక్కు అందరికీ ఉంది, చెయ్యి చేసుకునే హక్కు ఎవరికీ లేదు. ప్రభుత్వాలు కొత్త లేబర్ రూమ్‌లకు టైల్స్, మంచాలు, మానిటర్లు ఎలా మంజూరు చేస్తున్నాయో, అక్కడ పని చేసే మనిషి మనసుకు కావలసిన సమయం, తోడు, భద్రత కూడా అలాగే మంజూరు చేయాలి. కష్టకాన్పులో తల్లి ప్రాణం నిలవాలంటే ఆమె పక్కన నిలబడిన మనిషి ముందు నిలదొక్కుకోవాలి.